కంటికి కనబడని సాల్వెంట్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హెక్సేన్ గురించినవే. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో తవుడు నుంచి నూనె తీసే ఫ్యాక్టరీల్లోనూ, మందుల ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవాళ్లు దీన్ని "సాల్వెంట్" అని మాత్రమే పిలుస్తారు. సాల్వెంట్ అంటే ఇతర పదార్థాలను కరిగించుకునే ద్రవం. పెట్రోలియం నుంచి తీసే ఈ ద్రవం చూడటానికి మంచినీళ్లలా తేటగా ఉంటుంది. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే కేటాయించాను.

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద వెల్డింగ్ పనులు చేస్తుంటాను. సాల్వెంట్ ఉండే షెడ్డులో మమ్మల్ని ఎప్పుడూ వెల్డింగ్ చేయనివ్వరు. కానీ ప్రహరీ అవతల, చాలా దూరంలో అయితే ఏ పర్మిటూ లేకుండా చేయమంటారు. అంత దూరంలో కూడా ప్రమాదం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. మీరు దూరాన్ని గోడను బట్టి కొలుస్తున్నారు. హెక్సేన్ ఆవిరి గోడను చూడదు, పల్లాన్ని చూస్తుంది. ఈ ఆవిరి గాలి కంటే సుమారు మూడు రెట్లు బరువైనది కాబట్టి పైకి లేచి చెదిరిపోకుండా నేలబారున పాకుతూ కాలువల్లోకి, కేబుళ్లు వేసిన గుంటల్లోకి, పంపుల కింద ఉండే గోతుల్లోకి దిగి, గాలి ఆడని చోట గంటల తరబడి నిలిచిపోతుంది. దానికి ఎక్కడో ఒకచోట నిప్పు తగిలితే, మంట వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తి, ఆవిరి ఎక్కడ పుట్టిందో అక్కడికి చేరుతుంది.

నేను షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేసిన ఒక ప్లాంటులో ఇది నా కళ్ల ముందే జరిగింది. ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్ల నుంచి వచ్చే నీటిలోని సాల్వెంట్‌ను వేరు చేసే తొట్టి ఒకటి ఉండేది. ఆ రోజు తొట్టిలో మట్టం సరిగా లేక, నీళ్లతో పాటు కొంత సాల్వెంట్ కూడా బయటి కాలువలోకి వెళ్లింది. అది ఎవరికీ తెలియదు. ప్రహరీ అవతల, కాలువ మీద పరచిన నాపరాళ్ల పక్కనే, ఒక పైపు బ్రాకెట్‌కు వెల్డింగ్ పెట్టారు. పని మొదలుపెట్టే ముందు మా మనిషి గాలిలో మండే ఆవిరి ఉందేమో చూపే గ్యాస్ మీటరు పట్టుకుని చూశాడు, సున్నా చూపించింది. కాకపోతే దాన్ని ఛాతీ ఎత్తులో పట్టుకున్నాడు, కాలువ దగ్గర వంగలేదు. మొదటి నిప్పురవ్వ నాపరాళ్ల సందులో పడగానే రాళ్లు లేచాయి, నీలం మంట కాలువ వెంట ప్లాంటు వైపు వెళ్లింది. తొట్టికి ముందు నీటి సీలు, అంటే ఆవిరినీ మంటనూ దాటనివ్వని నీటి అడ్డు, ఒకటి ఉండటం వల్ల అక్కడితో ఆగింది. హెల్పరుగా ఉన్న కుర్రాడికి రెండు కాళ్లూ మోకాళ్ల దాకా కాలిపోయాయి. ఆ తరువాత ఎవరు మీటరు పట్టుకున్నా ముందు మోకాళ్ల మీద కూర్చుని నేలకు ఆనించి చూడమని నేను పట్టుబట్టేవాణ్ణి; మీకూ అదే చెబుతున్నాను.

ఇంతకంటే పెద్ద ఎత్తున 1981 ఫిబ్రవరి 13న అమెరికాలోని లూయీవిల్ నగరంలో జరిగింది. సోయా నూనె తీసే ఒక కర్మాగారం నుంచి హెక్సేన్ నగరపు మురుగు కాలువల్లోకి చేరింది. తెల్లవారుజామున రోడ్డు మీద వెళుతున్న ఒక కారు నుంచి పుట్టిన నిప్పురవ్వ దానికి అంటుకుని, దాదాపు 2 మైళ్ల పొడవున వీధులు పేలి గోతులు పడ్డాయి. వేళ కాని వేళ కావడంతో ప్రాణాలు పోలేదు. కారులో ఉన్నవాళ్లకు తమ చక్రాల కింద ఏముందో తెలిసే అవకాశమే లేదు. ప్రహరీ అవతల పనిచేసే మీ పరిస్థితీ అంతే.

కొన్ని అంకెలు గుర్తుంచుకోండి. హెక్సేన్ మరిగేది 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయినా, నిప్పు అంటుకోవడానికి సరిపడా ఆవిరిని అది సున్నాకు 22 డిగ్రీల దిగువన కూడా ఇస్తుంది. కాబట్టి మే నెల ఎండలోనే ప్రమాదమనీ, పుష్యమాసపు చలిలో ఫరవాలేదనీ అనుకోవడానికి లేదు; మన దగ్గర అది అంటుకోని ఋతువు లేదు. ఎండాకాలం చేసేది ప్రమాదాన్ని పెంచడం: 20 డిగ్రీల దగ్గర ఉన్న ఆవిరి పీడనం 40 డిగ్రీలకు వచ్చేసరికి రెట్టింపు దాటుతుంది. గాలిలో నూటికి 1.1 వంతు నుంచి 7.5 వంతుల దాకా ఈ ఆవిరి కలిస్తే ఆ మిశ్రమం పేలుతుంది. ఒక్క లీటరు సాల్వెంట్ పూర్తిగా ఆవిరైతే, ఎనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు ఉన్న గదిని పేలే గాలితో నింపగలదు.

అందువల్ల హాట్ వర్క్ పర్మిట్, అంటే నిప్పు పుట్టే పనులకు ఇచ్చే అనుమతి, అనేది షెడ్డుకే కాదు, ఆ షెడ్డు నుంచి వచ్చే ప్రతి కాలువకూ వర్తించాలి. వెల్డింగ్ చోటికి దగ్గరలో ఉన్న కాలువ మూతలను తడి గోనెలతోనూ, మట్టితోనూ మూయించండి. మీటరు రీడింగు మీ కళ్లతో చూడండి, భోజనానికి వెళ్లి వస్తే మళ్లీ చూడమనండి. ఉదయం తీసిన రీడింగు మధ్యాహ్నానికి పనికిరాదు. పర్మిట్ లేకుండా చేయమంటే చేయనని చెప్పడం మొండితనం కాదు. ఆ మాట అనడానికి కూలి పోతుందన్న భయం ఎంత ఉంటుందో నాకు తెలుసు, అయినా అనండి.

ప్రశ్న: మాది దేవరకొండ వైపు గ్రామం. పశువుల నీళ్ల కోసం పాత ఇనుప సామాన్ల దుకాణంలో రెండు 200 లీటర్ల సాల్వెంట్ డ్రమ్ములు కొన్నాను. రెండు రోజులు బోర్లించి ఎండబెట్టాను, వాసన కూడా లేదు. గ్యాస్ కట్టరుతో పైభాగం కోయించవచ్చా?

జవాబు: దయచేసి కోయించకండి. ఈ జవాబు మీకు చేరేలోపే ఆ పని జరగకూడదని ఈ ఉత్తరానికి విడిగా కూడా జవాబు రాశాను.

నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్ము ఎక్కువ ప్రమాదకరం. మూత బిగించిన నిండు డ్రమ్ములో ఆవిరి ఎక్కువ, గాలి తక్కువ. పేలడానికి కావలసిన పాళ్లు అక్కడ కుదరవు. ఖాళీ అయిన డ్రమ్ములోకి గాలి చేరుతుంది, అడుగున మిగిలిన చుక్కలు ఆవిరి అవుతాయి, పాళ్లు సరిగ్గా కుదురుతాయి. లెక్క వేసి చూస్తే, 200 లీటర్ల డ్రమ్ము పేలడానికి సుమారు 12 మిల్లీలీటర్ల హెక్సేన్ చాలు. అంటే రెండు మూడు టీ చెంచాలు. డ్రమ్ము అంచున రేకును మడిచి నొక్కిన చోట, లోపలి వైపు సన్నని గాడి ఉంటుంది. బోర్లించినా ఎండబెట్టినా అందులో ఇరుక్కున్న ద్రవం పూర్తిగా బయటికి రాదు, కట్టరు వేడి తగిలినప్పుడు మాత్రం వస్తుంది. అప్పుడు మూతభాగం రేకు ఊడి ఎగిరేది కోసేవాడి ముఖం వైపే.

వాసన లేదన్న ధైర్యం కూడా వద్దు. హెక్సేన్ వాసన ఘాటైనది కాదు, పైగా కాసేపటికి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. మండే పదార్థం ఉన్న పాత్రనైనా, ఒకప్పుడు ఉండిన పాత్రనైనా, ఆ పదార్థాన్నీ దాని ఆవిరినీ తొలగించకుండా వెల్డింగ్ చేయకూడదు, కోయకూడదు అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే రాశారు. ఫ్యాక్టరీల్లో అయితే నీటి ఆవిరి పెట్టి కడిగి, మీటరుతో పరీక్షించి అప్పుడు ముట్టుకుంటారు. ఆ సౌకర్యం ఊళ్లో ఉండదు. సుత్తి, ఉలితో కోస్తామనే వాళ్లూ ఉన్నారు. ఇనుము మీద ఇనుము కొడితే నిప్పురవ్వ వస్తుంది. డ్రమ్ములను మూతలు బిగించి, ఇంటికీ పొయ్యికీ దూరంగా పెట్టి, అమ్మినవాడికే తిరిగి ఇవ్వండి. ఇంకొక మాట: అందులో ముందు ఏముందో, ఆ తరువాత ఏం పోశారో ఎవరికీ తెలియదు కాబట్టి పశువులకైనా ఆ నీళ్లు పెట్టకూడదు. నీటికి కష్టమున్న ప్రాంతమని నాకు తెలుసు. అయినా కొత్త ప్లాస్టిక్ డ్రమ్మే కొనండి.

ప్రశ్న: మావారు జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా సాల్వెంట్ పని చేస్తున్నారు. మూడు నెలల నుంచి కాళ్ల వేళ్లు తిమ్మిరి అంటున్నారు. చెప్పులు జారిపోయినా తెలియడం లేదు. షుగరు పరీక్ష చేయిస్తే లేదన్నారు. గ్యాస్ మీటరు ఎప్పుడూ సున్నాయే చూపిస్తుందట. ఇది పని వల్లేనా?

జవాబు: అమ్మా, పరీక్ష చేయకుండా ఔనని నేను చెప్పలేను, కానీ మీరు రాసిన లక్షణాలను తేలిగ్గా తీసుకోవద్దు. హెక్సేన్‌లోని నార్మల్ హెక్సేన్ అనే భాగాన్ని పీల్చినప్పుడు, కాలేయం దాన్ని వేరొక పదార్థంగా మారుస్తుంది, అది నరాలను దెబ్బతీస్తుంది. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి తిమ్మిరి కాలి వేళ్ల దగ్గర మొదలై, పైకి పాకి, తరువాత చేతివేళ్లకు వస్తుంది. ముదిరితే కాళ్లలో బలం తగ్గుతుంది. 2009 ప్రాంతంలో చైనాలోని సుజౌలో ఫోను తెరలను స్పిరిట్‌కు బదులు, త్వరగా ఆరుతుందని, హెక్సేన్‌తో తుడిపించారు; వంద మందికి పైగా కార్మికులు ఇలాగే జబ్బుపడ్డారు.

మీటరు సున్నా చూపించడం గురించి మీరు అడగడం చాలా మంచిదయింది, ఎందుకంటే చాలామంది మేనేజర్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఆ మీటరు పేలుడును కనిపెట్టడానికి చేసినది. గాలిలో పది లక్షల పాళ్లకు 11,000 పాళ్లు హెక్సేన్ ఉంటే పేలే స్థితి వస్తుంది, సాధారణంగా అందులో పదో వంతు చేరితే మీటరు కూత వేస్తుంది. కానీ రోజుకు 8 గంటలు పీల్చేవాళ్లకు అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించిన హద్దు 50 పాళ్లు మాత్రమే. కూత వేసే స్థాయికి ఇది ఇరవయ్యో వంతు కంటే తక్కువ. మీటరు మౌనంగా ఉన్నప్పుడు ప్లాంటు క్షేమంగా ఉండవచ్చు, మనిషి క్షేమంగా ఉన్నాడని అనుకోలేం.

ముందుగా ఆయనను సాల్వెంట్ తగలని పనికి మార్చమని అడగండి. తరువాత నరాల వైద్యుడికి చూపించి, ఫలానా సాల్వెంట్‌తో ఇన్నేళ్లుగా పని చేస్తున్నారని మొదటి మాటగానే చెప్పండి. నరాల ప్రసరణ పరీక్ష చేస్తారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. డ్రమ్ము మీది లేబులును ఫోటో తీయించుకుని వెంట తీసుకెళ్లండి. పని మానేశాక కూడా కొన్ని వారాలు తిమ్మిరి పెరిగినట్లు ఉంటుంది, ఇది ఈ జబ్బు స్వభావం, కంగారు పడవద్దు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. గ్రీజు చేతులను సాల్వెంట్‌తో కడుక్కునే అలవాటు ఆయనకు ఉంటే ఈరోజే మాన్పించండి. అది చర్మంలోని కొవ్వును కరిగించి పగుళ్లు తెస్తుంది. పనికి నైట్రైల్ చేతి తొడుగులు వాడాలి.

ప్రశ్న: తవుడు నూనెను ఈ సాల్వెంట్‌తోనే తీస్తారని విన్నాము. వంటకు వాడవచ్చా? (హాలియా)

జవాబు: వాడవచ్చు. తీసిన నూనెను శుద్ధి చేసేటప్పుడు శూన్యంలో 200 డిగ్రీలకు పైగా వేడి చేసి నీటి ఆవిరి పంపిస్తారు. 69 డిగ్రీలకే మరిగే హెక్సేన్ అక్కడ మిగలదు. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం శుద్ధి చేసిన నూనెలో అది పది లక్షల పాళ్లకు 5 పాళ్లు మించకూడదు. నా ఆందోళన నూనె గురించి కాదు, నూనె తీసేసిన తవుడు గురించి. దానిలోని సాల్వెంట్‌ను సరిగా వెళ్లగొట్టకుండా గోదాములో రాశి పోస్తే, బస్తాలు మోసే హమాలీలు ఆ ఆవిరి మధ్యనే పని చేస్తారు. గోదాములో బీడీ ఎందుకు ముట్టించకూడదో ఆ హమాలీలకు కారణంతో సహా చెప్పేవాళ్లు కావాలి.

ప్రశ్న: చిట్యాల దగ్గర మా ఊరు హైవే పక్కనే ఉంది. ట్యాంకర్లు బోల్తా పడితే జనం క్యాన్లు తీసుకుని పరుగెత్తుతారు. అప్పుడు మేమేం చేయాలి?

జవాబు: ముందుగా ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి. ట్యాంకరు వెనక, పక్కల ఉండే పలక మీద నాలుగు అంకెలు ఉంటాయి. 1203 అంటే పెట్రోలు, 1208 అంటే హెక్సేన్. దూరం నుంచే చదివి, 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పండి. గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ దిక్కుకు, మెరక వైపుకు జనాన్ని పంపండి. పల్లంలో నిలబెట్టిన బైకును స్టార్టు చేయవద్దు, తోసుకుంటూ తీసుకుపోవాలి. ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టుకునేవాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, ఈ ద్రవం ధారగా పడేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. ప్లాస్టిక్‌లో అది భూమిలోకి పోయే దారి లేక అక్కడే పోగై, చెయ్యి తగిలినప్పుడు చిటుక్కుమంటుంది. ఆ చిటుకు చాలు. మంట లేచాక బిందెలతో నీళ్లు పోయకండి. హెక్సేన్ నీటి మీద తేలి, నీళ్లు పారిన చోటికల్లా మంటను మోసుకుపోతుంది. దానికి మంటలార్పే నురుగు, పొడి కావాలి.

ఫైరింజన్ వచ్చాక మీరు చేయగలిగిన పెద్ద సహాయం మీ ఊరి పల్లాలు చూపించడం. ఆ కల్వర్టు ఏ పొలంలోకి దిగుతుందో, వ్యవసాయ బావి ఎక్కడుందో బయటినుంచి వచ్చినవాళ్లకు తెలియదు. బావిలోకి సాల్వెంట్ చేరిందన్న అనుమానం ఉంటే, అధికారులు పరీక్షించి సరేననేదాకా ఆ మోటారు స్టార్టరు ఎవరూ నొక్కకుండా, బావిలోకి ఎవరూ దిగకుండా మనిషిని కాపలా పెట్టండి.