లేత్ మెషిన్ ట్రైనింగ్ కోర్సులో ఫొటోలు: ఎంత సైజు, పేర్లు ఎక్కడ రాయాలి

మీరు అడిగింది: బెంగళూరు పీన్యా వర్క్‌షాప్‌లో కొత్తగా చేరేవాళ్ళకి మూడుల్‌లో (ఆన్‌లైన్ పాఠాలు పెట్టే సాఫ్ట్‌వేర్) లేత్ మెషిన్ పాఠం పెట్టారు. ఫోన్లలో ఫొటోలు చాలాసేపటికి గానీ తెరుచుకోవడం లేదు, కొన్ని అడ్డంగా తిరిగి కనబడుతున్నాయి. కొందరికి తెలుగు కావాలి, కొందరికి కన్నడ.

ముందు బరువు సంగతి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో అంటే 4000×3000 పిక్సెళ్ళు, సుమారు 4 ఎంబీ. అలాంటివి ఇరవై పెడితే ఒక్క పాఠమే 80 ఎంబీ. ఎడిటర్‌లో బొమ్మ మూల పట్టుకుని లాగితే కనబడే సైజే తగ్గుతుంది, డౌన్‌లోడ్ అయ్యే ఫైలు మాత్రం అదే. కాబట్టి ఎక్కించే ముందే తగ్గించాలి. ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో ప్రోగ్రామ్‌లో 'బి' కీ నొక్కితే బ్యాచ్ కన్వర్షన్ (చాలా ఫొటోల్ని ఒకేసారి మార్చేది) వస్తుంది. అందులో పొడుగు వైపు 1280 పిక్సెళ్ళు, జేపీజీ క్వాలిటీ 80 పెట్టండి. ఒక్కో ఫొటో దాదాపు 200 కేబీకి దిగుతుంది. ఇరవైకీ కలిపి 4 ఎంబీ.

అడ్డం తిరగడానికి కారణం: ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా ఫొటో చాలాసార్లు అడ్డంగానే సేవ్ అవుతుంది, 'తిప్పి చూపించు' అన్న గుర్తు ఎక్సిఫ్ సమాచారంలో (ఫొటో ఫైల్లోనే దాగి ఉండే వివరాలు) ఉంటుంది. ఏ టూలైనా ఆ సమాచారాన్ని తీసేస్తే గుర్తు కూడా పోతుంది. ముందు నిజంగా తిప్పి సేవ్ చేసి, ఆ తర్వాతే ఎక్సిఫ్ తీసెయ్యండి. తీసెయ్యడం మంచిదే, ఫొటో తీసిన చోటు వివరం కూడా అందులోనే ఉండొచ్చు. ఐఫోన్ ఫొటోలు సేవ్ చేసే హెచ్ఈఐసీ రకం ఫైళ్ళు చాలా బ్రౌజర్లలో తెరుచుకోవు, జేపీజీకి మార్చండి.

ఇక అసలు విషయం: ఫొటో మీద మాటలు రాయకండి, అంకెలు వెయ్యండి. 1280 వెడల్పు బొమ్మలో 24 పిక్సెళ్ళ ఎత్తు అక్షరం, 360 వెడల్పు ఫోన్ తెర మీద 7 పిక్సెళ్ళు కూడా ఉండదు. ఇంగ్లీషు అక్షరమైతే ఎలాగో పోల్చుకోవచ్చు. 'లీడ్ స్క్రూ' అని తెలుగులో రాసి చూడండి: కావత్తు, క్రావడి, కొమ్ము దీర్ఘం మూడూ కలిసి ఒక మరకైపోతాయి. అదే తెల్లటి గుండ్రంలో నల్లటి 1, 2, 3, అంకె ఎత్తు కనీసం 50 పిక్సెళ్ళు వేసి, కింద మామూలు టెక్స్ట్‌గా '1. చక్, 2. టూల్ పోస్ట్, 3. లీడ్ స్క్రూ' అని రాస్తే హాయిగా చదవచ్చు. కన్నడ పాఠానికీ అదే ఫొటో సరిపోతుంది. ఒక పేరు తప్పుపడినా ఫొటో మళ్ళీ చెయ్యక్కర్లేదు. ఒక ఫొటోలో ఐదు అంకెలకి మించితే రెండు ఫొటోలు చెయ్యండి.

వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు) ఫొటోకి ఇంకొంచెం ఓపిక కావాలి. ఫ్లాష్ వేస్తే స్టీలు మెరిసి గీతలు పోతాయి. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టుకోండి. కెమెరా స్కేలుకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే పక్క గీత కలిసినట్టు కనబడి రీడింగే మారిపోతుంది. గీతలున్న భాగం వరకే క్రాప్ చెయ్యండి. ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మ కనబడనివాళ్ళ కోసం రాసే వివరణ) 'వెర్నియర్ ఫొటో' అంటే ఎవరికీ ఉపయోగం లేదు. 'మెయిన్ స్కేలు 24 మి.మీ. దాటింది, వెర్నియర్ 15వ గీత కలిసింది' అని రాయండి. లీస్ట్ కౌంట్ (ఆ పరికరం కొలవగలిగే అతి చిన్న కొలత) 0.02 మి.మీ. అయితే 24.30 మి.మీ. అని లెక్క వాళ్ళే వేసుకుంటారు. క్విజ్‌లో పెట్టేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్‌లో జవాబు బయటపడకుండా చూడండి.

కంప్యూటర్ స్క్రీన్‌షాట్లకి పీఎన్‌జీ వాడండి, జేపీజీలో అక్షరాల చుట్టూ మసక వస్తుంది. ఉద్యోగి పేరు, ఆధార్ నంబరు కనబడితే పూర్తి నల్లటి పెట్టెతో కప్పి, ఆ బొమ్మనే కొత్తగా సేవ్ చెయ్యండి. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన భాగం ఫైల్లోనే ఉండిపోతుంది. కంప్రెస్ పిక్చర్స్‌లో 'డిలీట్ క్రాప్డ్ ఏరియాస్' టిక్ పెడితేనే పోతుంది.

స్కార్మ్ ప్యాకేజీ (పాఠం మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి ఎక్కించే పద్ధతి) చేస్తుంటే ఫైలు పేర్లలో చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఉంచండి. ఫైలు పేరు చివర పెద్దక్షరాల్లో .JPG అని ఉన్నా, చిన్నక్షరాల్లో .jpg అని ఉన్నా విండోస్‌కి ఒకటే. లైనక్స్ సర్వర్‌కి రెండూ వేరు. మీ కంప్యూటర్‌లో బాగున్న బొమ్మ అక్కడ కనబడకపోవడానికి తరచూ ఇదే కారణం. వర్డ్ నుంచి కాపీ చేసి అతికించిన బొమ్మకి కొన్నిసార్లు మీ సి డ్రైవ్ దారే మిగిలిపోతుంది, అప్పుడు అది మీకు తప్ప ఎవరికీ కనబడదు. విద్యార్థి లాగిన్‌తో, వేరే ఫోన్లో, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒకసారి తెరిచి చూడండి.