హౌస్ సర్జన్లు రౌండ్స్‌లో మాట్లాడకపోవడం గురించి

డాక్టరు గారికి నమస్కారం. శ్రీకాకుళంలోని మీ యూనిట్‌లో హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చదువు చివర ఆసుపత్రి శిక్షణలో ఉన్న యువ డాక్టర్లు) రౌండ్స్‌లో, అంటే వార్డులో రోగులను చూస్తూ తిరిగేటప్పుడు, నోరు విప్పడం లేదని, వారు మీ నుంచి ఏమి ఆశిస్తున్నారో అర్థం కావడం లేదని రాశారు. తెలియక కాదు, రోగి ముందు, బంధువుల ముందు చిన్నబోతామనే భయంతోనే చాలామంది మౌనంగా ఉంటారన్నది విజయనగరంలో పాఠాలు చెబుతున్న నా అనుభవం.

1992లో అమెరికాలోని ఫ్యామిలీ మెడిసిన్ అధ్యాపకులు ప్రతిపాదించిన ‘వన్ మినిట్ ప్రిసెప్టర్’ అనే, రోగిని చూస్తూనే క్లుప్తంగా పాఠం చెప్పే పద్ధతిని ప్రయత్నించండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి, రక్తంలో క్రియాటినిన్ పెరిగిన (అంటే కిడ్నీల పనితీరు తగ్గిన) రైతు ఒకరు వచ్చారనుకోండి. వ్యాధి పేరు మీరే చెప్పేయకుండా, ‘మీరేమనుకుంటున్నారు?’ అని అడిగి, అలా ఎందుకు అనుకుంటున్నారో పూర్తిగా చెప్పనిచ్చి, ఆ కేసు నుంచి ఒకే ఒక్క సూత్రం నేర్పి, సరిగా చేసినదాన్ని గుర్తించి, ఆపైన పొరపాటును సరిదిద్దండి. ‘బాగా చేశావు’ అని వదిలేయడం కన్నా, ‘మూత్రంలో ప్రోటీన్ పరీక్ష రాయడం మంచిదైంది, కానీ ఒళ్లునొప్పులకు కిడ్నీలను దెబ్బతీసే మాత్రలేమైనా వాడుతున్నాడేమో అడగలేదు’ అనడం వారికి ఎంతో మేలు చేస్తుంది.

పెద్ద తప్పయితే మాత్రం డ్యూటీ రూములో, ఏకాంతంగా చెప్పండి. నా హౌస్ సర్జన్సీలో ఒక పెద్దాయన అందరి ముందూ నా కేస్ షీటును విసిరేసిన నాటి నుంచి, సందేహం వచ్చినా ఆయనకు ఫోన్ చేయడానికి వెనుకాడేవాణ్ణి. ఆ సంకోచం రోగికి ప్రమాదకరం. అందువల్ల రక్తపోటు పడిపోయినా, స్పృహ తగ్గినా, మూత్రం ఆగిపోయినా ఎంత రాత్రయినా మిమ్మల్ని లేపాలని డ్యూటీకి ముందే చెప్పి, ఫోన్ వచ్చినప్పుడు విసుక్కోకుండా పలకండి.