యెన్‌లో అప్పు రాసే ముందు

కాకినాడ

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ కంగారు తెలుస్తూనే ఉంది. మీ మందుల కంపెనీ డబ్బు వ్యవహారాలు చూసే ట్రెజరీలో చేరి మూడు నెలలు కాకుండానే మీ బాస్ నాలుగు టర్మ్ షీట్లు, అంటే అప్పు షరతుల కాగితాలు, నీ బల్ల మీద పడేసి, ఏది చవకో సోమవారానికల్లా చెప్పమన్నాడన్నావు. ఒకటి డాలర్లు, ఒకటి యూరోలు, ఒకటి యెన్‌లు, నాలుగోది లండన్‌లో రూపాయి బాండు. అన్నిట్లోకీ యెన్ వడ్డీయే తక్కువ, అదే రాసేస్తానన్నావు. రాయకు. ముందు ఇది చదువు.

2007లో నేను అదే రాశాను. అప్పట్లో నేను పనిచేసే కంపెనీ కొత్త ఫ్యాక్టరీ కడుతోంది. ఇక్కడ రూపాయల్లో 11, 12 శాతం అడుగుతున్నారు. యెన్‌లో రెండు శాతానికి కాస్త అటూ ఇటూ. ఐదు వందల కోట్ల యెన్‌లు తెచ్చాం. ఆ వేసవిలో 100 యెన్‌లంటే దాదాపు 33 రూపాయలు, అంటే 165 కోట్ల అప్పు. హెడ్జ్ చేస్తే, అంటే తీర్చేనాటి యెన్ ధరని ఫార్వర్డ్ ఒప్పందంతో ముందే ఖాయం చేసుకుంటే, మిగిలేదంతా ఆ ఫార్వర్డ్ ఖర్చుకే పోతుంది, అక్కర్లేదు అని నోట్ పెట్టింది కూడా నేనే. మరుసటి ఏడు సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. రూపాయి పడింది, యెన్ లేచింది. డిసెంబరుకి 100 యెన్‌లు 53 రూపాయలు. కొత్తగా ఒక్క యెన్ తీసుకోకుండానే అప్పు 265 కోట్లయి కూర్చుంది. మా సరుకు అమ్ముడయ్యేదంతా నాగపూర్‌కీ నెల్లూరుకీ మధ్యనే. బోర్డు మీటింగ్‌లో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అసలు మనకి యెన్‌లు ఎక్కణ్ణుంచి వస్తాయయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వడ్డీలో మిగుల్చుదామని పోతే అసలుకే ఎసరొచ్చింది.

కాబట్టి ఆ నాలుగు షీట్లలో వడ్డీ గడిని ప్రస్తుతానికి చెయ్యి అడ్డంపెట్టి మూసెయ్. తీర్చే రోజున ఆ కరెన్సీ ఎవరి దగ్గర్నుంచి వస్తుందో ఒక్కో షీటు మీద పెన్సిల్‌తో రాయి. మీ మందుల్లో సగానికి పైగా అమెరికాలో అమ్ముతున్నారు కదా, డాలర్ అప్పుకి డాలర్లు వాటంతటవే వస్తాయి. రూపాయి పడ్డా అప్పుతో పాటు ఆదాయమూ పెరుగుతుంది. యూరో షీటుకి యూరప్ అమ్మకాలు సరిపోతాయేమో చూడు. యెన్ షీటు మీద ఏం రాయాలో నీకే తెలుస్తుంది.

ఆ తర్వాత అన్నిటినీ ఒకే కరెన్సీలోకి మార్చి పోల్చు. యెన్ అప్పుని డాలర్లలోకి స్వాప్ చేస్తే, అంటే యెన్ చెల్లింపులు బ్యాంకు కట్టి బదులుగా మనం దానికి డాలర్లు కడితే, ఎంత పడుతుందో బ్యాంకునే అడుగు. రెండు దేశాల వడ్డీల తేడా ఫార్వర్డ్ రేటులోనే దాగి ఉంటుంది. అందుకే ఊరించిన చవక సగం పైగా అక్కడే ఆవిరైపోతుంది. అప్పు కుదిర్చే అరేంజర్ ఫీజు, లాయర్లు, రేటింగ్ ఖర్చు, వడ్డీ మీద మనమే భరించాల్సిన పన్ను, ఇవన్నీ కలిపితే వచ్చేదే ఆల్-ఇన్ కాస్ట్. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24. మీ బ్యాంకర్లు మాట్లాడేది శాతంలో నూరో వంతుల్లో, అంటే బేసిస్ పాయింట్లలో. చిల్లర అనుకోకు. 50 కోట్ల డాలర్ల బాండు మీద ఒక్క పాయింటు ఏడాదికి 50,000 డాలర్లు.

మరి ఎవరి దేశంలో వాళ్లు తెచ్చుకోకుండా ప్రపంచమంతా ఎందుకు తిరుగుతారని అడిగావు. మంచి ప్రశ్న. ఒక్కో ఊరి మదుపరులకి ఒక్కో పేరు మీద గురి ఉంటుంది. 1981లో ప్రపంచ బ్యాంకుకి తక్కువ వడ్డీకి వచ్చే స్విస్ ఫ్రాంకులు, జర్మన్ మార్కులు కావాలి. కానీ ఆ మార్కెట్లలో అప్పటికే తెగ తెచ్చేసింది. ఐబీఎం దగ్గర సరిగ్గా ఆ కరెన్సీల పాత అప్పులున్నాయి. ప్రపంచ బ్యాంకు డాలర్ బాండ్లు అమ్మింది, ఇద్దరూ ఒకరి చెల్లింపులు ఒకరు నెత్తికెత్తుకున్నారు. కరెన్సీ స్వాప్ అంత పెద్ద బజారైంది ఆ బేరం తర్వాతే.

పన్ను కూడా తిప్పుతుంది. 2013లో యాపిల్ 1,700 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మినప్పుడు దాని దగ్గర డబ్బు లేక కాదు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం విదేశాల్లో ఉంది, అప్పట్లో ఇంటికి తెస్తే పన్ను కట్టాల్సి వచ్చేది. అంతకన్నా అప్పే చవక. అసలు యూరోబాండు పుట్టిందే అలాంటి తెలివితేటల్లోంచి. 1963లో ఇటలీ రహదారుల సంస్థ ఆటోస్ట్రాడే పేరు మీద లండన్ బ్యాంకర్లు కోటీ యాభై లక్షల డాలర్లు సేకరించారు. బ్రిటన్ స్టాంపు సుంకం తప్పించుకోడానికి బాండ్ల జారీ ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో పెట్టుకున్నారు! పేరు చూసి యూరోల బాండు అనుకునేవు, అప్పటికి యూరో పుట్టనే లేదు. ఏ దేశం కరెన్సీయో ఆ దేశం బయట అమ్మితే అది యూరోబాండు. అదే జపాన్ వెళ్లి అక్కడివాళ్లకి యెన్‌లో అమ్మితే సామురాయ్, అమెరికా వెళ్లి డాలర్లలో అమ్మితే యాంకీ.

నీ నాలుగో షీటు మసాలా బాండు. అప్పు రూపాయల్లోనే ఉంటుంది, రూపాయి పడితే ఆ దెబ్బ కొన్నవాడికి. 2016లో హెచ్‌డీఎఫ్‌సీ లండన్‌లో 3,000 కోట్లు అలాగే తెచ్చింది. ఊరికే ఎవడూ మన భయం మోయడు, వడ్డీలో కలుపుకుంటాడు. వాటాలు అమ్మడం వేరే కథ. 2001లో డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో ఏడీఆర్‌లు, అంటే తన షేర్ల బదులు అక్కడ చేతులు మారే పత్రాలు, పెట్టినప్పుడు హైదరాబాద్ ఫార్మావాళ్లమంతా గొప్పగా చెప్పుకున్నాం. కానీ ఆ దారిన పోతే అక్కడివాళ్లకి లెక్క చెప్పుకుంటూ ఉండాలి. ఇప్పుడది నీ ప్రశ్న కాదు.

ఒకవేళ బాండ్‌కే వెళ్తే, క్యాలెండర్ దగ్గర పెట్టుకో. మన లెక్కల మీద భరోసాగా ఆడిటర్లు బ్యాంకర్లకి ఇచ్చే కంఫర్ట్ లెటర్, ఆ లెక్కలు ముగిసిన 135 రోజుల దాకానే మామూలుగా పనికొస్తుంది. మార్చి 31 లెక్కలతో ఆగస్టు రెండో వారం దాటితే మళ్లీ మొదటికొస్తావు. ధర ఖాయం చేసే రోజు బాండు అమ్మిపెట్టే లీడ్ బ్యాంకర్ ఫోన్ చేసి, ఆర్డర్ బుక్, అంటే కొంటామన్నవాళ్ల జాబితా, మనకి కావాల్సినదానికి అయిదింతలైంది, వడ్డీ ఇంకో పావు శాతం తగ్గిద్దామంటాడు. పొంగిపోకు. పుస్తకంలో ఎవరున్నారో చూపించమను. పెన్షన్ ఫండ్లు, బీమా సంస్థలు ఉంటే నిలబడతాయి. రెండు రోజుల్లో అమ్ముకుని పోయే బాపతు ఎక్కువుంటే మర్నాడే బాండు పడుతుంది, మళ్లీ మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఆ మొహమాటం మనకే. బాండైనా బ్యాంకు అప్పైనా రిజర్వ్ బ్యాంకు లోన్ రిజిస్ట్రేషన్ నంబరు రాకుండా ఒక్క డాలరు కూడా డ్రా చెయ్యకు.

ఇంకొకటి. ప్రతి షీటులో క్రాస్ డిఫాల్ట్ అనే క్లాజు ఉంటుంది. ఎక్కడో బ్రెజిల్‌లోని మీ చిన్న అనుబంధ కంపెనీ ఒక వాయిదా ఎగ్గొట్టినా ఇక్కడి అప్పంతా వెంటనే కట్టమనే హక్కు అది. ఎంత మొత్తం దాటితే వర్తిస్తుందో ఆ అంకె కింద గీత గియ్యి. నాలుగింట్లోనూ అది ఒకేలా ఉండదు.

ఆ షీట్లు మాత్రం నాకు వాట్సాప్ చెయ్యకు. అవి కంపెనీ రహస్యం, నేను బయటివాణ్ణి. సందేహం వస్తే పేర్లు, అంకెలు లేకుండా అడుగు. ఆదివారం సాయంత్రం ఆరు దాటాక చెయ్, అంతకుముందు మీ పెద్దమ్మ నన్ను మార్కెట్‌కి పంపిస్తుంది.

పెదనాన్న