‘లోపల చూడాలి’ అంటే అసలు ఏం చేస్తారు?

ప్రశ్న: నా వయసు 36. మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ కాన్పులే. నాలుగు నెలలుగా తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది. భర్తతో కలిసిన తర్వాత రెండు మూడు సార్లు రక్తం మరకలు కనిపించాయి. తిరుపతిలో డాక్టరమ్మకు చూపిస్తే ‘లోపల చూడాలి, పాప్ స్మియర్ తీయాలి, నెలసరి అయిపోయాక రా’ అన్నారు. మొదటి కాన్పప్పుడు ఒక ఆసుపత్రిలో చెప్పాపెట్టకుండా ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూశారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. స్కానింగ్‌తో సరిపోదా? తప్పదంటే ఏమేం చేస్తారో చెప్పండి. ఇంకొకటి, అదే వారం శ్రీవారి మెట్టు ఎక్కి మొక్కు తీర్చుకోవాలి. పరీక్ష అయ్యాక ఎక్కొచ్చా?
– ఒక సోదరి

సలహా: అమ్మా, ముందు ఆ మొదటి కాన్పు సంగతి. నొప్పులప్పుడు గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో వేళ్లతో చూడక తప్పదు. అయితే అంతా సవ్యంగా ఉన్నప్పుడు నాలుగు గంటలకోసారి చూస్తే చాలని, ఒకే మనిషిని పలువురు పదే పదే పరీక్షించడం మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఎన్నిసార్లు చూసినా చెప్పి, అడిగి చూడాలి. మీకు అలా జరగలేదు. తప్పు మీ భయానిది కాదు.

నా సంగతీ చెప్పాలి. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ‘కాళ్లు మడుచుకోమ్మా, గాలి పీల్చు’ అనేదే మేం చెప్పే మొత్తం వివరం. ఒకరోజు ఓపీలో ఒకామె పరీక్ష అయిపోయి చీర సర్దుకుంటూ ‘ఇప్పుడేం చేసినారు మేడమ్?’ అని అడిగింది. అప్పటికే నా గ్లౌజులు బుట్టలో పడ్డాయి, తర్వాతి చీటీ పిలిచేశాను. ఆమె ఒంటికి ఏం చేశారో ఆమెకే తెలియకుండా పంపించబోయాను. అప్పటినుంచి చెప్పకుండా చెయ్యి వెయ్యడం మానేశాను. దానికి పట్టేది రెండు నిమిషాలే.

ఇక స్కానింగ్. గర్భసంచి ఎంత ఉంది, గడ్డలున్నాయా, అండాశయాల్లో నీటి తిత్తులున్నాయా అన్నది స్కానింగ్ బాగానే చెబుతుంది. గర్భసంచి ముఖద్వారం పైపొర ఎర్రబడిందా, పుండు పడిందా, చిన్న కండ పెరిగిందా అన్నది మాత్రం కంటితో చూస్తేనే తెలుస్తుంది. కలయిక తర్వాత రక్తం కనిపించడానికి చాలామందిలో ఇన్ఫెక్షనో, పాలిప్ అనే చిన్న కండో, ముఖద్వారం లోపలి మెత్తటి పొర బయటికి రావడమో కారణం అవుతుంది. కొద్దిమందిలో క్యాన్సర్‌కు తొలి గుర్తు కూడా అదే. అందుకే మీ విషయంలో స్కానింగ్ ఒక్కటే సరిపోదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు లోపల పెట్టుకుని నెలలు గడపడం అసలే వద్దు.

అలాగని ప్రతి ఆడమనిషీ ఏటేటా లోపల చూపించుకోవాలా? అక్కర్లేదు. ఏ బాధా లేని, గర్భం లేని స్త్రీలకు ఊరికే ఈ పరీక్ష చేయొద్దని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2014లోనే చెప్పింది. గర్భనిరోధక మాత్రలు రాయడానికి కూడా ఇది అవసరం లేదు. క్యాన్సర్ స్క్రీనింగ్ వేరే విషయం. మన ప్రభుత్వ పద్ధతిలో 30 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఐదేళ్లకోసారి ముఖద్వారం మీద పలుచటి అసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో పులుపు అదే) అద్ది, ఒక నిమిషం ఆగి తెల్లమచ్చలు పడ్డాయేమో చూస్తారు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ల పింక్ బస్సు మీ వైపు వచ్చినప్పుడు చూసే ఉంటారు, అది ఇలాంటి స్క్రీనింగ్ కోసమే. మీకు ఇప్పటికే లక్షణం ఉంది కాబట్టి బస్సు కోసం ఎదురుచూడకండి.

వెళ్లే రోజు సంగతి. నెలసరి పూర్తిగా ఆగాక వెళ్లండి. అంతకుముందు రెండు రోజులు కలయిక వద్దు, లోపల మాత్రలు, క్రీములు వద్దు, సబ్బు, డెటాల్‌తో లోపల కడగడం వద్దు. అవన్నీ చేస్తే స్మియర్‌లో సరైన కణాలు దొరకవు. చాలామంది ముందురోజు రాత్రి కష్టపడి షేవింగ్ చేసుకుని, గాట్లు పెట్టుకుని వస్తారు. అవసరమే లేదు, మేం దాన్ని పట్టించుకోం. లెగ్గింగ్స్, టైట్ ప్యాంటు కన్నా చీరో, వదులు లంగానో, నైటీనో మేలు. నడుము కింది బట్టలు మాత్రమే తీస్తే చాలు, పైన దుప్పటి కప్పమని అడగండి. మూత్రం పోసుకుని రావాలి. ఇక్కడే గజిబిజి: పొట్ట మీద చేసే స్కానింగ్‌కేమో నీళ్లు తాగి, బిగబట్టుకుని రమ్మంటారు. రెండూ ఒకే రోజైతే ముందు స్కానింగ్ చేయించుకుని, బాత్రూమ్‌కు వెళ్లొచ్చి ఈ పరీక్షకు రండి. ఉపవాసం అక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లండి.

లోపలికి పిలిచాక ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి. మీరు చెప్పాల్సిన మొదటి మాట ఇదే: ‘మేడమ్, నాకు ముందు ఒకసారి ఇబ్బంది అయింది, భయంగా ఉంది, మెల్లగా చెయ్యండి.’ సిగ్గుపడకండి, ఈ ఒక్క మాటతో మా చెయ్యి తీరే మారుతుంది. తర్వాత బల్ల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పక్కలకు వదిలేయమంటారు. కొన్నిచోట్ల ఎడమ పక్కకు తిరగమంటారు. మొదట బయట చూస్తారు: ఎరుపు, పుండ్లు, వాపు ఉన్నాయా అని.

ఆ తర్వాత స్పెక్యులమ్. పేరు పెద్దది గానీ వస్తువు చిన్నదే. ఒక రకం బాతు ముక్కులా ఉంటుంది. మూసి ఉండగా లోపలికి పెట్టి, మెల్లగా తెరుస్తారు. ‘టక్’మని చప్పుడు వస్తుంది, అది మర బిగించిన చప్పుడు, మీ ఒంట్లో ఏదో విరిగిన చప్పుడు కాదు. ఇంకో రకం ఒంపు తిరిగిన రేకు, సిమ్స్ అనే అమెరికా డాక్టరు పేరుతో మా ఆసుపత్రుల్లో రోజూ వాడతాం. ఆయన 1840లలో అలబామాలో నల్లజాతి బానిస స్త్రీలకు మత్తు కూడా ఇవ్వకుండా ఆపరేషన్లు చేసి ఈ విద్య నేర్చాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. అడగకుండా చెయ్యి వేసే అలవాటు మా వృత్తికి ఎంత పాతదో చెప్పాలనే ఈ కథ ఎత్తాను.

ఇనుప పరికరం చల్లగా తగులుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచమని అడగొచ్చు. లోపల నిండినట్టు, తోసినట్టు ఉంటుంది. కత్తితో కోసినట్టు నొప్పి ఉండకూడదు, ఉంటే వెంటనే చెప్పాలి. చిన్న సైజులూ ఉంటాయి. ఊపిరి బిగబడితే అక్కడి కండరాలు కూడా బిగుసుకుంటాయి, అందుకే నోటితో గాలి వదలమంటాం. ముఖద్వారం కనిపించాక పుల్లలాంటి దానితోనో, చిన్న బ్రష్‌తోనో దాని మీద తిప్పి కణాలు తీస్తారు. అదే పాప్ స్మియర్. గీరినట్టు కొన్ని సెకన్లు అనిపిస్తుంది, కొందరికి నెలసరి ముందు వచ్చే లాగుడులా ఉంటుంది.

స్పెక్యులమ్ తీశాక గ్లౌజు వేసుకుని, జెల్లీ రాసిన రెండు వేళ్లు లోపల పెట్టి, రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఉంచి చూస్తారు. రెండు చేతుల మధ్య గర్భసంచి ఎంత ఉంది, కదులుతోందా, పక్కల నొక్కితే నొప్పి ఉందా అన్నది తెలుస్తుంది. నొప్పి ఎక్కడుందో పళ్లు బిగబట్టి దాచకండి, మాకు కావాల్సిందే ఆ సమాచారం. మొత్తం కలిపి ఐదు నిమిషాలు పట్టదు.

మధ్యలో వద్దనిపిస్తే ‘ఆపండి’ అంటే ఆపాలి. ఇది మా దయ కాదు. రోగికి ఏం చేస్తారో తెలిసి, ఇష్టంతో ఒప్పుకుంటేనే అది అనుమతి అని, పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మగ డాక్టర్ అయితే గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలని అడగడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే అది ఉంది. అమ్మనో అక్కనో పక్కన ఉంచుకోవచ్చు. తిరుపతిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి కాబట్టి విద్యార్థులు ఉండొచ్చు. వాళ్లు నేర్చుకోవాలి, నిజమే, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ ముందు మిమ్మల్ని అడగాలి. మీరు వద్దంటే వైద్యం ఆగకూడదు. పెద్దాసుపత్రిలో రద్దీగా ఉన్నప్పుడు ఇదంతా నోరు తెరిచి అడగడం సులువు కాదని నాకూ తెలుసు. అందుకే తోడు తీసుకెళ్లమంటున్నాను. మీకు గొంతు రానప్పుడు ఆమె అడుగుతుంది.

అంత చేసినా ఆ రోజు మీవల్ల కాకపోతే ఇంకో రోజు పెట్టుకోవచ్చు, మరీ ఆలస్యం చేయకండి. స్త్రీలు తామే నమూనా తీసుకుని ఇచ్చే హెచ్‌పీవీ (ముఖద్వారం క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్షను కూడా 2021 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. అది ఏ బాధా లేనివాళ్ల స్క్రీనింగ్‌కు మంచి దారి. రక్తం కనిపిస్తున్న మీలాంటివాళ్లకు మాత్రం అది చూపించుకోవడానికి బదులు కాదు.

బయటికి వచ్చేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: కంటికి ఏం కనిపించింది, రిపోర్టు ఎప్పుడు వస్తుంది, మీ ఫోన్‌కు చెబుతారా లేక మీరే రావాలా. రిపోర్టులో తేడా ఉందని రాస్తే క్యాన్సర్ అనుకుని టెన్షన్ పడొద్దు. ఎక్కువసార్లు అవి క్యాన్సర్‌కు చాలా ముందు దశ మార్పులు, మళ్లీ చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

ఇక మొక్కు. స్మియర్ తర్వాత ఒకటి రెండు రోజులు చుక్క చుక్కగా రక్తం కనిపించొచ్చు. అది బ్రష్ తగిలినందుకు, నెలసరి కాదు. దర్శనానికి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారం, అందులో నేను వేలు పెట్టను. ఒంటి సంగతైతే మరుసటి రోజే శ్రీవారి మెట్టు ఎక్కొచ్చు. ఒక ప్యాడ్ పెట్టుకోండి. ప్యాడ్ నిండేంత రక్తం, జ్వరం, దుర్వాసన, తగ్గని కడుపునొప్పి వస్తే మాత్రం మెట్లు పక్కనపెట్టి ఆసుపత్రికి రండి.