మూడింతల ఫండ్లు, ఎదురు ఫండ్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2021 డిసెంబర్ చివర్లో అమెరికా నాస్‌డాక్-100 సూచీకి మూడింతలు కదిలే ఈటీఎఫ్ (షేరులా మార్కెట్లో కొని అమ్మే ఫండ్) కొన్నాను. సూచీ 2022లో పడి, 2023 చివరికల్లా పాత స్థాయిని దాటేసింది. నా పెట్టుబడిలో మాత్రం అప్పటికీ మూడో వంతుకు పైగా నష్టమే. తేడా ఎక్కడ వచ్చింది? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ‘మూడింతలు’ అన్న హామీ ఒక్క రోజు కదలికకే. ప్రతి రోజూ మార్కెట్ మూసే వేళకు ఫండ్ తన ఎక్స్‌పోజర్‌ను (సూచీ మీద పెట్టిన పందెం పరిమాణాన్ని) మళ్ళీ సరిగ్గా మూడింతలకు సర్దుకుంటుంది. పెరిగిన రోజు మరికొంత కొంటుంది, తగ్గిన రోజు కొంత అమ్ముతుంది. సూచీ ఊగిసలాడుతూ ఉంటే ఇది ఎక్కువలో కొని తక్కువలో అమ్మడమే అవుతుంది.

సూచీ 100 దగ్గర ఉందనుకోండి. ఇవాళ 10 శాతం పెరిగి 110 అయింది. రేపు 9.09 శాతం తగ్గి మళ్ళీ 100కి వచ్చింది. మూడింతల ఫండ్ 130కి వెళ్ళి, మర్నాడు 27.27 శాతం పోగొట్టుకుని 94.55 దగ్గర ఆగుతుంది. రెండింతల ఫండ్ 98.18 అవుతుంది. సూచీకి ఒక ఇంత ఎదురుగా నడిచే ఇన్వర్స్ ఫండ్ కూడా సరిగ్గా 98.18కే వస్తుంది. ఒక ఇంతే కదా, ఇలా విలువ అరుగుదల ఉండదు అనుకునేవాళ్ళు ఈ లెక్క తప్పక వేసి చూడాలి.

ఏడాదికి ఎంత అరుగుతుందో ఉజ్జాయింపుగా మీరే లెక్క కట్టొచ్చు. సూచీ వార్షిక ఒడిదుడుకులు 25 శాతమైతే దాని వర్గం 6.25 శాతం. రెండింతల ఫండ్‌కూ, ఒక ఇంత ఇన్వర్స్‌కూ అరుగుదల అంతే. మూడింతలకు దానికి మూడు రెట్లు, మూడింతల ఇన్వర్స్‌కు ఆరు రెట్లు. ఫండ్ ఖర్చులు, వడ్డీ దీనికి అదనం.

2022లో నాస్‌డాక్-100ను అనుసరించే క్యూక్యూక్యూ దాదాపు 33 శాతం పడితే, మూడింతల టీక్యూక్యూక్యూ దాదాపు 79 శాతం పడింది. 100లో 21 మిగిలితే, తిరిగి 100 కావడానికి 376 శాతం పెరగాలి. మీ నష్టం అక్కడే ఉంది.

ఇదే సర్దుబాటు ఒకే దిశలో సాగే మార్కెట్లో మేలు చేస్తుంది. వరుసగా రెండు రోజులు 10 శాతం చొప్పున పెరిగితే సూచీ లాభం 21 శాతం, మూడింతల ఫండ్ లాభం 69 శాతం. అందుకే కొనే ముందు సూచీ ఎటు వెళ్తుందనే కాదు, ఎంత ఊగుతూ వెళ్తుందని కూడా ఆలోచించాలి. ఫండ్ వివరాల పత్రమైన ప్రాస్పెక్టస్‌లో ఈ రెండింటినీ కలిపి ఏడాది ఫలితం చూపే పట్టిక ఉంటుంది. ఇంకేమీ చదవకపోయినా ఆ పట్టిక చదవండి.

ప్రశ్న: మా బ్రోకర్ ఈ ఫండ్లు కొననివ్వడం లేదు. చిన్న మదుపరులకు పరీక్ష పెట్టాలన్న మాట కూడా విన్నాను. నా సొమ్ము ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళు చెప్పొచ్చా? – ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: బ్రోకర్ నిరాకరణ వేరు, చట్టం వేరు. వాన్‌గార్డ్ 2019 జనవరి నుంచి ఇలాంటి ఫండ్ల కొనుగోళ్ళు ఆపేసింది. అది ఆ సంస్థ నిర్ణయం. అనుమతించే బ్రోకర్ దగ్గర ఖాతా తెరిచి, ఉన్న షేర్లను అమ్మకుండానే బదిలీ చేయించుకోవచ్చు.

ఇక చట్టం సంగతి. ఖాతాదారుకు తగిన అవగాహన ఉందో లేదో బ్రోకర్ విచారించాకే కొననివ్వాలని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2019 నవంబర్‌లో ప్రతిపాదించి, 2020 అక్టోబర్‌లో ఆ భాగాన్ని వదిలేసింది. దానికి బదులు ఫండ్లకే హద్దు పెట్టింది: రిస్కు సూచీకి రెండింతలు మించకూడదు. అప్పటికే నడుస్తున్న మూడింతల ఫండ్లకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. 2022 మార్చిలో బ్రోకర్లను పర్యవేక్షించే ఫిన్రా పరీక్షల ఆలోచనను మళ్ళీ చర్చకు పెడితే, మదుపరుల నుంచి వేలకొద్దీ ఉత్తరాలు వెళ్ళాయి.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఫండ్‌కు హద్దు పెట్టడం న్యాయం, మనిషికి గేటు పెట్టడం అన్యాయం. ఈ ఫండ్‌లో పోతే పెట్టినంతే పోతుంది. బ్రోకర్ ఇచ్చే మార్జిన్ అప్పులో, ఫ్యూచర్స్ ఒప్పందాల్లో అంతకుమించి పోవచ్చు, అయినా అవి అందుబాటులోనే ఉన్నాయి. రిటైర్మెంట్ పొదుపు కోసం ఉన్న ఐఆర్‌ఏ ఖాతాలో షార్ట్ చేయడానికి (షేరు అప్పు తెచ్చి అమ్మడానికి) వీల్లేదు కాబట్టి, అక్కడ పతనం నుంచి కాచుకోవడానికి ఉన్న కొద్ది దారుల్లో ఇన్వర్స్ ఫండ్ ఒకటి. ఆ దారి డబ్బున్నవాళ్ళకే మిగలకూడదు. కొనే తెర మీద, పైన చెప్పిన 94.55 లాంటి లెక్క ఒకటి తప్పనిసరిగా చూపమంటే మాత్రం మేం గట్టిగా సమర్థిస్తాం.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది మధ్యాహ్నం కొనుగోళ్ళలో. సర్దుబాటు రోజు చివరే కాబట్టి, అప్పటికే సూచీ 2 శాతం పెరిగి ఉంటే, మూడింతల ఫండ్‌లో మిగతా రోజుకు మీకు దక్కేది సుమారు 2.89 ఇంతలు. 2 శాతం పడి ఉంటే సుమారు 3.13. ఇక మార్జిన్ మీద మూడింతల ఫండ్ కొంటే, ఉంచాల్సిన కనీస మార్జిన్ మామూలు 25 శాతం కాదు, 75 శాతం.

పేరులో ఈటీఎన్ అని ఉంటే ఆగండి. అది ఫండ్ కాదు, బ్యాంకు రాసిచ్చిన అప్పు పత్రం. రెండింతల హద్దు దానికి వర్తించదు. అమెరికా మార్కెట్ ఒడిదుడుకుల సూచీ వీఐఎక్స్ ఫ్యూచర్స్‌కు ఎదురుగా నడిచిన ఎక్స్‌ఐవీ అలాంటిదే. 2018 ఫిబ్రవరి 5న దాని విలువలో 90 శాతానికి పైగా ఒక్క రోజులో పోయింది. ఒకే రోజు 80 శాతం పడితే ముగించవచ్చన్న షరతు ప్రాస్పెక్టస్‌లోనే ఉంది. జారీ చేసిన బ్యాంకు క్రెడిట్ సూయిస్ ఆ షరతును వాడుకుంది. ఒకే కంపెనీ షేరు మీద నడిచే రెండింతల ఫండ్లలోనూ జాగ్రత్త: ఆ షేరు ఒక్క రోజులో సగానికి పడితే ఫండ్ సున్నా.

ప్రశ్న: ఇవి మన దేశంలో ఎందుకు లేవు? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిఫ్టీ-50కి రెండింతల సూచీని, ఇన్వర్స్ సూచీని ఎన్‌ఎస్‌ఈ లెక్కగడుతోంది. వాటిని అనుసరించే మ్యూచువల్ ఫండ్ మాత్రం లేదు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే చెప్పింది. ఆ తలుపు తెరిచి ఉంచి, నష్టం పెట్టుబడి దాటని ఫండ్‌కు దారి లేకుండా ఉండటం మాకు సబబుగా తోచదు. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లు ఆస్తుల్లో 25 శాతం దాకా షార్ట్ చేయగలవు కానీ, కనీస పెట్టుబడి 10 లక్షలు.

విదేశీ ఖాతాలో కొనాలనుకుంటే ముందు మీ బ్యాంకును, ప్లాట్‌ఫామ్‌ను లిఖితపూర్వకంగా అడగండి. విదేశాలకు సొమ్ము పంపే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు గానీ, విదేశీ మార్జిన్ల కోసం పంపడానికి అనుమతి లేదు.