కామా లేని ‘కిల్’

ప్రశ్న: ఒక విదేశీ ఆసుపత్రికి చెందిన, మంప్స్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత ప్రోగ్రాములను చూసుకోవడం నా పని. ఒక సబ్‌రొటీన్‌లో (పిలిచినప్పుడు నడిచే ప్రోగ్రాము భాగంలో) పి, క్యూ అనే వేరియబుల్స్‌ను (విలువలను దాచుకునే పేర్లను) తొలగించడానికి ‘కిల్ పి క్యూ’ అని రాశాను. ఎర్రర్ ఏదీ రాలేదు. కానీ క్యూ విలువ అలాగే ఉంది, కింది పంక్తులు నడవడం లేదు. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినది మంప్స్ లెక్కలో తప్పు కాదు కనుకనే ఎర్రర్ రాలేదు. ఈ భాషలో ఒక ఆదేశానికి ఇచ్చే పేర్లను కామా విడదీస్తుంది. ఖాళీ వస్తే ఆ ఆదేశం అక్కడితో ముగిసి, తరువాతి అక్షరం నుంచి కొత్త ఆదేశం మొదలవుతుంది. ఆదేశాలను ఒకే అక్షరానికి కుదించుకోవచ్చు కాబట్టి, మీ క్యూ ‘క్విట్’ అయి, పి తొలగిన వెంటనే సబ్‌రొటీన్ నుంచి బయటకు వచ్చేసింది. అక్కడ హెచ్ ఉండి ఉంటే అది ‘హాల్ట్’ అయి, ప్రాసెస్ మొత్తం ఆగిపోయేది. 1960ల చివర మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, మెమరీ బహు కొద్దిగా ఉన్న యంత్రాల కోసం రూపొందిన భాషకు ఈ పొదుపు అవసరమే. దాని ఖర్చు ఇప్పుడు మీరు భరిస్తున్నారు.

కామా పెట్టి ‘కిల్ పి,క్యూ’ అని రాస్తే సరిపోతుంది. అయితే ఆ రెండు పేర్లను కుండలీకరణాల్లో పెట్టకండి: అప్పుడు అర్థం తలకిందులై, ఆ రెండూ మిగిలి తక్కిన లోకల్ వేరియబుల్స్ (మెమరీలో తాత్కాలికంగా ఉండేవి) అన్నీ పోతాయి. కిల్ తరువాత పొరపాటున రెండు ఖాళీలు పడితే అది పేర్లు లేని కిల్ అయి, లోకల్ వేరియబుల్స్ అన్నిటినీ తుడిచేస్తుంది. పేరుకు ముందు క్యారెట్ గుర్తు (^) పడితే మరీ ప్రమాదం. ఆ పేరుతో డిస్కులో నిలిచి ఉన్న డేటా, అంటే గ్లోబల్, దాని కింది శాఖలతో సహా చెరిగిపోతుంది. కుండలీకరణాల పొరపాటు గానీ క్యారెట్ పొరపాటు గానీ ఎర్రర్ ఇవ్వదు. లేని పేరును కిల్ చేసినా అంతే. పెద్ద, చిన్న అక్షరాల పేర్లు వేర్వేరు కనుక ఆ పొరపాటూ తరచుగా దాగిపోతుంది.

వేరియబుల్స్‌కు ఒంటి అక్షరం పేర్లు మానేయండి. అప్పుడు కామా మరచినా, ఆ పేరు ఏ ఆదేశంతోనూ కలవదు కనుక, చాలావరకు ఎర్రర్ వచ్చి పట్టిస్తుంది. చివర కిల్ చేయడంకన్నా సబ్‌రొటీన్ మొదట్లోనే ‘న్యూ పి,క్యూ’ అని ప్రకటించడం మేలని నా అభిప్రాయం. క్విట్ అయినప్పుడు పాత విలువలు వాటంతట అవే తిరిగి వస్తాయి. కామా మాత్రం అక్కడా తప్పనిసరి, ఎందుకంటే ‘న్యూ పి క్యూ’ కూడా ఇదే విధంగా చడీచప్పుడు లేకుండా బయటకు వచ్చేస్తుంది.