మార్పు తెస్తామంటే నమ్మమంటారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు చేతులు జోడించుకుంటూ వచ్చి మార్పు తెస్తామంటారు. మా గుమ్మం ముందు కాలువ మీద విరిగిన పలక మాత్రం అలాగే ఉంది, చెక్కముక్క వేసుకుని దాటుతున్నాం. ఈసారి ఎవరికీ వేయకుండా నోటా నొక్కేయాలని ఉంది, తప్పా?
– ఒక గృహిణి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: తప్పేం కాదమ్మా, మీ కోపం న్యాయమైనదే. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన హక్కు అది. కానీ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకి ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు, అది గుర్తుంచుకోండి. ఒడిశాలో 24 ఏళ్ల ప్రభుత్వం 2024లో మారింది కదా, అదీ ఓట్లతోనే మారింది; అలాగని మీ పలక దానంతటదే మారదు.

నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇంతకుముందు పోటీ చేసినవాళ్లయితే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చూడండి, నేనైతే ముందు ఆ పనే చేస్తాను. ఇంటికొచ్చినప్పుడు ఆ పలక దగ్గరే నిలబెట్టి, ఎప్పటికి వేయిస్తారు, ఏ నిధులతో వేయిస్తారు అని తెలుగులోనే అడగండి. మొహమాటం వద్దు. ఏం చెప్పారో తేదీతో సహా రాసి పెట్టుకోండి.